అడగని ఇంట్లో రెండు రిటర్నులు

ఆ సోమవారం కరుణాకుమారి పెట్టుకున్న పని ఒక్కటే. నెల్లూరు వెళ్లి, కంటి డాక్టర్ల వ్యానుకు అడ్వాన్సు కట్టి, పదకొండు గంటల బస్సుకు ఇందుకూరుపేట వచ్చేయడం. మామగారి పేరున ఉన్న కుటుంబ ట్రస్టు ఏటా మైపాడులో పెట్టే కంటి శిబిరం శనివారమే. నూటపది మంది పేర్లిచ్చారు. సగం మంది చేపల వేటకు వెళ్లేవాళ్లు, వచ్చేటప్పుడు గట్టు మసగ్గా కనిపిస్తోందన్నవాళ్లు.

తీరా వెళ్తే బ్యాంకువాళ్లు ఖాతా ఆపేశారు. ట్రస్టుకు రెండు పాన్ కార్డులున్నాయట, రెండింటి మీదా ఆదాయపన్ను రిటర్ను పడిందట. ఒకటి కరుణాకుమారి వేసిందే. మరి రెండోది?

ఆవిడకు కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఒక్క పని చేయించడానికే తల ప్రాణం తోకకొచ్చే ఈ లోకంలో, అడక్కుండా పన్ను కాగితం వేసిపెట్టిన మహానుభావుడెవరు? ఆడిటరు ప్రత్యూష కంప్యూటరులో చూసి చెప్పింది.

"మీ బావగారక్కా, హెబ్రోను గారు. కొత్త పాన్ కూడా తీసినారు."

ఆ ఇంటి పద్ధతి కొంచెం చెప్పాలి. ట్రస్టు పెత్తనం అన్నదమ్ములు హెబ్రోనుకు, లాజరస్‌కు ఏడాదికొకరి వంతు. లాజరస్ ఎప్పుడూ రొయ్యల గుంటల దగ్గరే గనుక, అతని వంతు కాగితాలు భార్య కరుణాకుమారి చూస్తుంది. వంతు మారేది మామగారి జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక నాడు, సరిగ్గా రిటర్నులు వేసే జూలైలో. పోయినేటి లెక్క గనుక దిగేవాళ్లు తమ పనే అనుకోవచ్చు, ఈ జూలై గనుక ఎక్కేవాళ్లూ అనుకోవచ్చు. అడిగితే తేలిపోతుంది. కానీ ఆ ఇంట్లో "చేసినావా?" అని అడగడమంటే నమ్మకం లేదని మొహాన చెప్పడమే. అందుకే వేసినవాళ్లు రసీదును రిజిస్టరులో అంటిస్తారు, రెండోవాళ్లు చూసి ఊరుకుంటారు.

ఈసారీ కరుణాకుమారి అంటించింది, పక్కనే పాన్ కార్డుతో సహా. రిజిస్టరు బావగారి బల్ల మీదే ఉంది. ఆయన ఎందుకు చూడలేదో ఆవిడకు అంతుపట్టలేదు. అయినా అడగలేదు. పెద్దాయన వేసిందే ఉండనీ అనుకుని, తన కార్డు రద్దుకు అక్కడికక్కడే దరఖాస్తు పెట్టేసింది.

గురువారం ప్రత్యూష ఫోన్ చేసింది.

"కరుణక్కా, ఆయన కూడా తన కార్డు రద్దుకు పెట్టేసినారు. బ్యాంకువాళ్లు ఆయనకూ చెప్పినారంట, మైపాడు రోడ్డులో ఇంటర్నెట్ షాపు నుంచి పెట్టినారు. పన్ను ఆఫీసువాళ్లు రెండూ ఒప్పుకుంటే ట్రస్టుకు కార్డే ఉండదు. ఏది ఉంచాలో ఇద్దరూ కలిసి సంతకం పెట్టియ్యండి, నేను బ్యాంకుతో మాట్లాడతా."

శిబిరానికి రెండు రోజులుంది. కరుణాకుమారి నేరుగా బావగారింటికి వెళ్లింది. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు.

"బావా, ఒకటి అడగాల."

పాతికేళ్లలో ఆ మాట ఆ ఇంట్లో వినపడలేదు. ఆయన తలెత్తాడు.

"రసీదు అంటించినా గదా. చూళ్లేదా?"

హెబ్రోను కళ్లు నులుముకున్నాడు.

"కనపడలా అమ్మా. ఏడాదిగా సరిగ్గా కనపడలా. కార్డు పోయిందనుకోని కొత్తది తీసినా."

"చెప్పొచ్చు గదా."

"కంటి శిబిరం పెట్టేవాడికే కళ్లు లేవంటే నవ్వరా? మీరు అడగలా, నేను చెప్పలా."

ఆవిడకు నవ్వొచ్చింది, మనసూ చివుక్కుమంది. పాత కార్డు ఉంచమని రాసిన కాగితం మీద ఆయన వేలు పట్టుకుని సంతకం చోటు చూపించింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఖాతా తెరుచుకుంది, సాయంత్రానికి వ్యాను ఖాయమైంది.

శనివారం పొద్దున్నే కరుణాకుమారి ఎవరికీ చెప్పకుండా మొదటి టోకెను బావగారి పేరున రాసింది.

"ఒకటి, హెబ్రోను" అని పిలిచారు. డాక్టరు చూసి, శుక్లాలన్నాడు, ఆపరేషనుకు తేదీ ఇచ్చి పంపాడు.

"రెండు, హెబ్రోను" అని మళ్లీ పిలిచారు.

కరుణాకుమారి వెనక్కి తిరిగి చూసింది. టోకెన్ల బల్ల దగ్గర లాజరస్, చేతిలో పెన్నుతో, సముద్రం వైపు మొహం తిప్పుకుని నిలబడ్డాడు. అన్న కళ్ల సంగతి అతనికి ఏడాదిగా తెలుసు, ఎవరూ అడగలేదంతే.