ఉస్తా షలబీ టోపీల దుకాణం తెరిచిన పూట

కైరోలో చేయి తిరిగిన పనివాడని అందరూ ఉస్తా అని పిలిచే షలబీ ఆ గురువారం ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి దుకాణం ముందు డేరాలో నలుగురూ కూర్చుంటారు. కాఫీ తాగుతారు. రాతిబ్ ఎఫెందీ వచ్చి బోర్డు మీది గుడ్డ లాగుతాడు. అందరూ "శుభం, శుభం" అంటారు. ఆ తరువాత నెత్తిమీది టర్కీ టోపీలు తీసి ఇస్తే షలబీ వాటిని వేడి ఇత్తడి అచ్చుకు తొడిగి, ఆవిరి పట్టి, నొక్కి, సొట్టలన్నీ తీసి చేతికిస్తాడు. అంతే. పంతొమ్మిదేళ్ళు హాజీ మిత్వల్లీ దుకాణంలో హాజీ అచ్చుల మీద ఇదే పని చేసిన మనిషి సొంత అచ్చుల మీద చేసుకోవాలని ఆశపడితే అది అత్యాశేమీ కాదు.

రాతిబ్ ఎఫెందీ సర్కారు కచేరీలో పెద్ద గుమాస్తా. ఆయన కింద నలభైమంది గుమాస్తాలు. నలభై తలలు, నలభై టోపీలు, వారానికోసారి నొక్కుడు. "నీ దుకాణం నా కంటికి ఆనిందంటే మా కచేరీ టోపీలన్నీ నీవే పో" అని మాటిచ్చాడు. ఆ నలభై టోపీలు వస్తే దుకాణం నిలుస్తుంది. రాకపోతే షలబీ మళ్ళీ హాజీ ఎదుట చేతులు కట్టుకుని నిలబడవలసిందే.

అందుకే పత్రికలో ప్రకటన కూడా వేయించాడు. షలబీకి చదువు అంతంతమాత్రం. ప్రకటనలు రాసుకునే మనిషి నమూనాలు ముందు పరచి ఏ చట్రం కావాలని అడిగాడు. పూలతీగల చట్రం ఉంది, చుక్కల చట్రం ఉంది. షలబీ వేలు పోయిపోయి మందపాటి నల్ల చట్రం మీద పడింది.

"ఇదెయ్యి. కళ్ళకి కొట్టొచ్చినట్టుంది."

"అది మరి... అది వేరే వాటికండీ," అని అతను నసిగాడు.

"కొనేది నేనా, నువ్వా?" అని షలబీ అతని నోరు మూయించాడు. నల్ల చట్రం పోయినవాళ్ళ కబురుకే వేస్తారని కైరోలో పాత పత్రికలతో పొట్లాలు కట్టేవాడికి కూడా తెలుసు. ఈ మహానుభావుడికి మాత్రం తెలియలేదు.

తెల్లవారేసరికి డేరా వాళ్ళు ఎరుపూ నీలమూ గుడ్డలతో డేరా కట్టి, కుర్చీలు వేసి వెళ్ళిపోయారు. పెళ్ళికీ అదే డేరా, చావుకీ అదే డేరా. ఏది ఏదో కాఫీ నోట్లో పోసుకుంటే తెలుస్తుంది. తీపి కాఫీ అయితే శుభకార్యం, చక్కెర లేని కాఫీ అయితే పరామర్శ.

కాఫీ పంపమని ఎదురుగా కాఫీ అంగడి నడిపే ఆషూర్‌కు ముందురోజే కబురు చేశాడు. ఎందుకో చెప్పలేదు. ఆషూర్ వచ్చి చూశాడు. డేరా ఉంది. బోర్డు మీద నల్లగుడ్డ ఉంది. అది షలబీ పాత అంగీ, ఇంట్లో అంత పొడవు గుడ్డ ఇంకోటి లేదు. షలబీ కళ్ళు నిద్రలేక చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎవరు పోయారని అడుగుదామనుకున్నాడు గాని, ఎదురింటివాడికి ఆమాత్రం తెలియదా అంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? వెనక్కి వెళ్ళి, పెద్ద గిన్నెడు కాఫీ చక్కెర లేకుండా కాచి పంపించాడు.

మొదట పక్క సందు తోళ్ళ వ్యాపారి వచ్చాడు. కూర్చుని ఒక గుక్క తాగాడు. ముఖం మారిపోయింది. లేచి షలబీ చేతిని రెండు చేతులతో పట్టుకుని, చావింట అందరూ అనే మాట అన్నాడు.

"మిగిలిన ఆయుష్షు నీకు కలగాలి నాయనా."

"నాకా? ఎందుకండీ?"

"ఎందుకని అడిగితే ఎవరు చెప్పగలరు నాయనా? అంతా పైవాడి ఇష్టం." కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

తరువాత వచ్చిన ముగ్గురూ అదే మాట అన్నారు. షలబీ ఒక కప్పు తీసుకుని రుచి చూశాడు. ఒట్టి చేదు. రోడ్డు దాటి పరుగెత్తాడు.

"ఒరే ఆషూర్! చక్కెరేదిరా?"

"ఊరుకో అన్నా. ఇలాంటప్పుడు చక్కెరేంటి? జనం నవ్విపోతారు."

"దుకాణం తెరుస్తున్నాన్రా నీ దుంపతెగ!"

"తెరుద్దువుగాని. మూడ్రోజులు పోనీ. పోయి కూర్చో, వచ్చినోళ్ళు వెళ్ళిపోతున్నారు."

తిరిగి వచ్చేసరికి ఇంకో కొంప మునిగి ఉంది. డేరా వేశారని తెలిసి అంధుడైన షేక్ ఇద్రీస్ ఎవరూ పిలవకుండానే వచ్చి, పెద్ద కుర్చీలో కూర్చుని, చెవికి చేయి అడ్డుపెట్టుకుని ఖురాన్ పఠనం మొదలుపెట్టాడు. అది జరుగుతుండగా మాట్లాడడానికి ఎవడికి నోరొస్తుంది? షలబీ దైవభీతి గల మనిషి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయాడు. షేక్‌గారి ఊపిరి ఆ పేటలో పేరుపడ్డది. ఒకసారి మొదలుపెడితే అరగంట. ఆపినప్పుడల్లా పాతవాళ్ళు లేచి, కొత్తవాళ్ళు వచ్చి, చేతులు పట్టుకోవడానికే సరిపోయేది.

"అయ్యా, నా మాట వినండి, ఎవరూ పోలేదు," అన్నాడు షలబీ ఒకాయనతో.

"అవును నాయనా, ఎక్కడికి పోతారు? మన గుండెల్లోనే ఉంటారు," అన్నాడాయన.

పదకొండయ్యేసరికి డేరాలో రెండువందల టోపీలు చేరాయి. ఒకటి పక్కకు ఒరిగింది. ఒకటి నడినెత్తిన సొట్టపోయింది. ఒకటి చెమటకు మెత్తబడి చెవుల మీదకు దిగింది. ఇన్ని పాడైన టోపీలు ఒక్కచోట షలబీ జన్మలో చూడలేదు. పరామర్శకు వచ్చి టోపీ తీసేవాడు మాత్రం ఒక్కడూ లేడు. లోపల అచ్చు కాగి కాగి చల్లారిపోయింది. అది తలుచుకుని షలబీ భోరుమన్నాడు.

"ఏడవనివ్వండి, ఏడిస్తే బరువు తగ్గుతుంది," అన్నారెవరో.

అప్పుడు వచ్చాడు రాతిబ్ ఎఫెందీ, వెనకాల నలభైమందీ. కచేరీకి ఒంటిపూట సెలవు ఇప్పించి మరీ వచ్చాడు.

"పత్రికలో చూశాను ఉస్తా. నల్ల చట్రం, కింద నీ పేరు. గుండె ఆగినంత పనైంది. ఇంక చదవలేకపోయాను."

"అయ్యా, అది నా దుకాణం..."

"దుకాణం ఎక్కడికి పోతుందయ్యా! ముందు మనిషివి నిలదొక్కుకో."

షేక్ మళ్ళీ అందుకున్నాడు. వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. పోయినదెవరో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యమూ ఎవరికీ లేదు. షలబీకి పెళ్ళాం లేదు, పిల్లలు లేరు, నా అన్నవాళ్ళు లేరు. మరింకెవరి కోసం డేరా వేస్తాడు? పోయింది హాజీ మిత్వల్లీయేనని తేలిపోయింది. ఎనభై దాటాయి కదా. కొందరు అప్పుడే ఆయన మంచితనం తలుచుకుని ముక్కులు చీదుతున్నారు. సరిగ్గా ఆ సమయానికి హాజీ మిత్వల్లీ చేతికర్ర టకటకలాడించుకుంటూ డేరాలోకి నడిచి వచ్చాడు.

రెండువందలమందీ లేచి నిలబడ్డారు. షేక్ కూడా ఆగిపోయాడు. హాజీ ఎవరినీ చూడకుండా తిన్నగా వచ్చి షలబీని కావలించుకున్నాడు.

"ఒక్క మాట చెప్పి పంపకూడదురా? నేను పరాయివాణ్ణయిపోయానా?" ఆయనకూ ఎవరు పోయారో తెలియదు. ఆయనా అడగలేదు.

చివరికి రాతిబ్ ఎఫెందీయే గొంతు సవరించుకున్నాడు. "మరి... పోయిందెవరు ఉస్తా?"

పొద్దుటినుంచీ షలబీ ఎదురుచూసిన నిశ్శబ్దం అది. చెప్పడానికి నోరు తెరిచాడు. కచేరీ మూసి వచ్చిన పెద్ద గుమాస్తా కనిపించాడు. గొంతు ఎండిపోయిన షేక్ కనిపించాడు. హాజీ కళ్ళల్లో నీళ్ళు కనిపించాయి. టోపీల వ్యాపారం కోసం చావు నాటకమాడి, దేవుడి మాట చదివించాడని రేపు ఊరంతా కాండ్రించి ఉమ్మదూ? ఆ తరువాత కుక్కయినా ఈ గుమ్మం తొక్కుతుందా?

"మా మేనత్త," అన్నాడు. "మన్సూరాలో."

డేరా అంతా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని, వెంటనే సర్దుకుని విచారించింది.

"పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అనలేదేరా, అత్త ఉందని?" అన్నాడు హాజీ.

"అంత... దగ్గర కాదండి."

"విన్నారా? దగ్గర కాని అత్తకే ఇంత డేరా వేశాడు! ఎంత మనసయ్యా వీడిది!"

రాతిబ్ ఎఫెందీ జేబురుమాలు తీశాడు. "ఇలాంటివాడి చేత టోపీ నొక్కించుకోవడం మా అదృష్టం. కాని దుఃఖంలో ఉన్నవాడికి పని చెప్తే పాపం చుట్టుకుంటుంది. నలభై రోజులూ వెళ్ళనీ. అందాకా మా టోపీలన్నీ హాజీగారికే ఇస్తాం."

"అయ్యా, నేను చేస్తాను! ఇప్పుడే చేస్తాను! అచ్చు క్షణంలో వేడెక్కుతుంది!" అని షలబీ ఆయన కాళ్ళమీద పడబోయాడు.

"చూశారా, పిచ్చివాడైపోతున్నాడు," అన్నాడు హాజీ అతణ్ణి లేవనెత్తుతూ. "చావుతో దుకాణం మొదలెడతారట్రా? ఆ గుడ్డ అలాగే ఉండనీ. నువ్వు ఇంట్లో ఒక్కడివే కూర్చుంటే దిగులుతో చస్తావు. నా దగ్గరికి వచ్చెయ్యి. నలభై టోపీలు నొక్కడానికి నా చేతుల్లో ఎక్కడుంది బలం?"

"మరి పని చెప్తే పాపమని ఎఫెందీగారు..."

"మా దగ్గర చేస్తే అది పని కాదురా, ఓదార్పు."

ఎఫెందీ కూడా అది నిజమే అన్నాడు.

శనివారం పొద్దున షలబీ హాజీ దుకాణంలో, హాజీ అచ్చు మీద, కచేరీ టోపీలు ఒక్కొక్కటే నొక్కాడు. టోపీ అందుకున్న ప్రతి గుమాస్తా మేనత్త గురించి అడిగాడు. ఏం జబ్బు, ఎన్నేళ్ళు, పిల్లలెందరు, చివరిమాట ఏమైనా అన్నదా? మధ్యాహ్నానికల్లా ఆమెకు ఉబ్బసం వచ్చింది, డెబ్భై నాలుగేళ్ళు నిండాయి, ముగ్గురు కూతుళ్ళు పుట్టారు. చెబుతూ చెబుతూ షలబీ ఆవిరిలో ముఖం పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు.

అత్త లేకపోయినా ఏడుపుకు మాత్రం లోటు రాలేదు.