నేల తాకని కాలికి న్యాయం

విరుదునగర్ రాజీ సభలో కోవిల్‌పట్టి పాప సంగవి కాలికి సంపూర్ణ న్యాయం జరిగిందని ఇందుమూలంగా సమస్త ప్రజానీకానికీ తెలియజేయడమైనది. కాలికి తప్ప అందరికీ జరిగిందనేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. వాళ్ళని ఖాతరు చెయ్యక్కర్లేదు.

అప్పుడప్పుడే పరుగు నేర్చిన సంగవికి విరుదునగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తొడకి టీకా వేశారు. జ్వరం వచ్చింది, తొడ వాచింది, పిల్ల కుంటింది. "రెండు రోజుల్లో తగ్గిపోతుందమ్మా, ఆడుకోనివ్వండి" అంది నర్సు. ఊరికే వచ్చిన సలహాకి మా వీధిలో ఏనాడూ మర్యాద లేదు. ఫీజు పుచ్చుకుని వకీలు హరికృష్ణన్ చెప్పిందే వేదం. "ఈ కాలు కోర్టులో నిలబడుతుంది" అన్నాడాయన.

దావా పడింది. అంతలో ఘోరం జరిగింది. వాపు దిగిపోయి, పిల్ల వేరుశనగ మిఠాయి బండి వెంట పరుగెత్తింది. వకీలు గుండె పట్టుకున్నాడు.

"మారీశ్వరీ, ఉరికే పిల్లకి ఎవుడమ్మా పరిహారం ఇస్తాడు?"

మారీశ్వరి పిల్ల తల్లి, అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేస్తుంది. జవాబు ఆమె తమ్ముడు ఇసక్కిరాజాకి తోచింది. మాలో చెవులు కుట్టేటప్పుడు పిల్ల కూర్చోవాల్సింది మేనమామ ఒడిలోనే. ఆ హక్కు తండ్రికైనా లేదు. ఒడి దాకా ఉన్న హక్కుని అతను భుజం దాకా పొడిగించాడు. "అక్కా, కేసు అయ్యేదాకా పాప కాలు నేలకి తగలదు. మామన్‌ని నేను బతికే ఉండాను!" అని నడివీధిలో ప్రతిజ్ఞ చేశాడు. మేము మెచ్చుకున్నాం.

బయట మామ భుజం, ఇంట్లో చీర ఉయ్యాల. పిల్ల గోడ పట్టుకుని లేస్తే చాలు, "ఏయ్ మారీశ్వరీ, పాప నిలబడతా ఉండాది చూడు!" అని కేకేసి కాపాడేవాళ్ళం. వకీలు మమ్మల్నందరినీ కేసులో సాక్షులుగా రాయించాక ఆ మాత్రం బాధ్యత ఉండాలి.

"మామా, దించు మామా. వొట్టిగా నిలుచుకుంటా."

"కింద చీమలుండాయి బంగారూ."

వాయిదా మీద వాయిదా పడింది. చీమలు కోవిల్‌పట్టిలోనూ ఉండేవి, విరుదునగర్ బస్టాండులోనూ ఉండేవి. డాక్టరొకడు పరీక్ష చేసి, "కాలు బాగానే ఉంది, ముందు పిల్లని కిందికి దించండి" అని రాసిచ్చాడు. ఇంత కరుణలేని మాట వైద్యుడి నోట రాకూడదని మా వీధి ముక్తకంఠంతో ఖండించింది. చివరికి, మామ పిల్లని మోసుకుని ఆసుపత్రి వాకిట్లో నిలబడుతుంటే రోగులు వెనక్కి తిరిగిపోతున్నారని గ్రహించి, యాజమాన్యం మానవతా దృక్పథంతో రాజీకి దిగివచ్చింది.

సభలో ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు. "మా వల్ల ఏ తప్పూ జరగలేదు. కనుకనే సంతోషంగా పరిహారం ఇస్తున్నాం" అన్నాడు యాజమాన్యం తరపు పెద్దమనిషి. "ఈ పసిపాదాలు చట్టచరిత్రలో ముద్ర వేశాయి!" అన్నాడు హరికృష్ణన్. సంతకాలయ్యాయి.

అప్పుడు ఇసక్కిరాజా పిల్లని వేదిక మీద దించాడు. కాళ్ళు లేగదూడ కాళ్ళలా వణికాయి. పిల్ల కూలబడింది.

"చూశారా? మొదటినుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే!" అన్నాడు వకీలు. చప్పట్లు మోగిపోయాయి. మేమూ కొట్టాం.

మారీశ్వరి ఒక్కతే వంగింది. "లెయ్యి పాపా. కేసు అయిపోయె. ఇంక నడువు తల్లీ."

సంగవి నేలకేసి చూసింది. "చీమలమ్మా!" అంటూ మామ వైపు రెండు చేతులూ చాచింది.

మా వీధిలో ఇప్పుడు టీకా వేయించుకున్న పిల్లలెవరూ నేల మీద ఆడటం లేదు. మేనమామలు లేని ఇళ్ళవాళ్ళు మాత్రం సలహా కోసం పొద్దుటినుంచీ వకీలు ఇంటి ముందు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ కాళ్ళు బాగానే ఉన్నాయి.