కుడికాలి గోలు, ఎడమకాలి గోలు

ఆ మంగళవారం పొద్దున్న హాజీ బాబికిర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి ముందు వీధిలో టెంటు వేయించాలి, కుర్చీలు వేయించాలి, టీవీ బయటికి తెచ్చి పెట్టాలి. ముప్పై రెండేళ్ళ తర్వాత సూడాన్ జట్టు మళ్ళీ ఆఫ్రికా కప్పులో ఆడుతోంది. మొదటి ఆట ఈ రోజే, జాంబియాతో. అత్బరా ఊరంతా తన వాకిట్లో కూర్చుని చూడాలి.

"ఊరంతా ఎందుకు? తిజానీ ఒక్కడు రావాలని చెప్పరాదూ," అంది భార్య బతూల్, టీ గ్లాసు అతని ముందు పెడుతూ.

"పొద్దున్నే వాడి పేరెత్తకు."

"నేనెత్తకపోతే మాత్రం? నీ మొహం మీదే రాసుంది. రైలు పట్టాలు దాటితే వాడి ఇల్లు. వెళ్ళి పిలిచి రావచ్చుగా?"

"నేనా? వాడినా? ఎడమకాలేనని ఒప్పుకోమను, ఆ క్షణమే వెళ్తా."

బతూల్ ఆకాశం వైపు చూసి, పప్పుగుత్తి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సూడాన్ ఆ కప్పు గెలిచింది ఒక్కసారే, పందొమ్మిది వందల డెబ్భైలో, సొంత గడ్డ మీద ఖార్తూంలో, ఘనా మీద, ఒకే ఒక్క గోలుతో. అప్పటికి బాబికిర్, తిజానీ మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్ళు. ఒక కంచంలో తిని, ఒక మంచం మీద పడుకున్నవాళ్ళు. రైలెక్కి వెళ్ళి, ఇద్దరూ ఆ ఆట చూసి వచ్చారు. మిగతా వీధి అంతా రేడియోలో విన్నవాళ్ళే. అందుకని మర్నాడు టీ బల్ల దగ్గర జనం చుట్టూ మూగి, "గోలు ఎలా పడిందో చెప్పండ్రా" అన్నారు. "ఎడమకాలితో ఒక్క తన్ను" అన్నాడు బాబికిర్. అదే క్షణంలో "కుడికాలితో" అన్నాడు తిజానీ. అంతే. రైల్వే వర్క్‌షాపులో పక్కపక్క బల్లల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేశారు గానీ, స్పానర్ కావాలన్నా మూడో మనిషి చేతే అడిగించుకున్నారు.

ఇందులో బాబికిర్ బతూల్‌కి కూడా చెప్పని సంగతి ఒకటుంది. అతను ఆ గోలు చూడనేలేదు. తోపులాటలో చెప్పు ఊడిపోతే వంగి వెతుక్కుంటున్నాడు. నిలబడేసరికి స్టేడియం మొత్తం ఏడుస్తూ నవ్వుతోంది. ఊళ్ళో తన మర్యాదంతా ఆ గోలు మీదే నిలిచి ఉంది. ఏ కాలో తెలిసిన తిజానీ ఎదురైనప్పుడల్లా ఎక్కడ దొరికిపోతానోనని భయం. అయినా వాడు లేకుండా సూడాన్ ఆట చూడడమంటే, ఉప్పు లేని కూడు తిన్నట్టే. టెంటు వేస్తే ఊరు కదులుతుంది, ఊరు కదిలితే తిజానీ ఆగలేడు. పిలవకుండా పిలవడానికి బాబికిర్‌కి ఇంతకన్నా దారి తోచలేదు.

పది గంటలకల్లా టెంటు లేచింది. వరసగా కుర్చీలు పడ్డాయి. టీవీకి పొడుగాటి వైరు కొనుక్కొస్తానని బాబికిర్ బజారుకి వెళ్ళాడు.

వీధిలో టెంటు లేచిందంటే పెళ్ళన్నా అయి ఉండాలి, చావన్నా అయి ఉండాలి. పెళ్ళికైతే రంగుదీపాలు, డప్పులు ఉంటాయి. ఇక్కడవేమీ లేవు. ఇక అనుమానం ఎవరికి? పైగా ఎవరు పోయారని వాకిట్లో నిలబడి అడగడం కన్నా సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. ముందు అరచేతులెత్తి, పోయినవాళ్ళ కోసం ఫాతిహా ప్రార్థన చదవాలి, తర్వాత తల దించుకుని కూర్చోవాలి. మిగతాది మెల్లగా అదే తెలుస్తుంది.

మొట్టమొదట టెంటు చూసింది టీ అమ్మే కల్తూమ. చేతిలో కెటిల్ అక్కడే దించేసి, పెరటిదారిన పరుగెత్తింది. రొట్టెలు కాలుస్తున్న బతూల్‌ని వాటేసుకుని భోరుమంది. "అయ్యో అక్కా! అయ్యో అక్కా!"

పాపం కల్తూమకి ఎవరో పోయారనుకుంది బతూల్. ఎవరని అడిగితే బాగుంటుందా? ఏడ్చే ఆడమనిషితో ముందు ఏడవాలి. "అయ్యో చెల్లీ!" అని ఆమె ఇంకో స్థాయి పైకెత్తుకుంది. ఆ రెండు గొంతులకి వీధిలోని ఆడవాళ్ళందరూ పెరట్లోకి వచ్చేశారు. బతూల్ కళ్ళెదుటే ఉంది కాబట్టి, పోయింది హాజీయేనని నిమిషంలో తేల్చేశారు.

మగవాళ్ళు టెంటులో నిండారు. వాళ్ళు ఏమీ తేల్చుకోకముందే బాబికిర్ చంకలో వైరు చుట్టతో తిరిగి వచ్చాడు. హాజీ నిక్షేపంగా ఉన్నాడు, లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. అయితే పోయింది బతూలే.

బాబికిర్‌కి మాత్రం ముందు సంతోషంతో ఒళ్ళు పొంగింది. ఆట ఇంకా చీకటి పడ్డాక గదా, ఇప్పుడే ఇంత జనమా! దగ్గరకొచ్చేసరికి అందరూ లేచి అతని వైపు అరచేతులెత్తారు. సంగతి అతనికి అర్థమైపోయింది. వీధిలో ఎవరో పోయారు. టెంటు సిద్ధంగా కనపడేసరికి ఇక్కడే కూర్చున్నారు. ఇక టీవీ ఎక్కడ పెట్టేది? చావింట ఆట చూద్దామని ఏ నోటితో అంటాడు? తనూ అరచేతులెత్తి, ఫాతిహా చదివి, రెండో వరసలో కూలబడ్డాడు.

పక్కనే రొట్టెల బట్టీ ఖిదిర్ కూర్చుని ఉన్నాడు. "ఓర్చుకో మామా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "బంగారంలాంటి మనిషి."

"బంగారమే," అన్నాడు బాబికిర్, ఎవరో తెలియకపోయినా.

"ఆ చేతి వంట ఇక ఎక్కడ తింటాం?"

అయితే పోయింది ఆడమనిషన్నమాట. వీధి చివర తొంభై ఏళ్ళ అమ్నా ముసలమ్మే అయి ఉంటుంది. "వయసైపోయిందిలే నాయనా," అన్నాడు బాబికిర్ ఓదార్పుగా. "నోట్లో ఒక్క పన్ను లేదు. రోజూ గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళని తిట్టడమేగా పని. వీధికి ఇక కాస్త ప్రశాంతం."

ఖిదిర్ అతని వైపు ఒకసారి చూసి, కుర్చీని ఒక జానెడు అవతలికి జరుపుకున్నాడు.

"ఒక రకంగా నాకూ నిద్ర పడుతుంది," అని బాబికిర్ ముగించాడు.

ఖిదిర్ లేచి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు.

హాజీ పోయాడని పెరట్లో పుట్టిన వార్త ఈలోగా ఒక రిక్షావాడి నోట పడి పట్టాలు దాటింది. ఎండ వాలే వేళకి టెంటు ముందు రిక్షా ఆగింది. అందులోంచి తలపాగా సగం ఊడి భుజం మీద వేలాడుతుంటే తిజానీ దిగాడు. కళ్ళలో నీళ్ళు నిండి, ఎదుట ఎవరున్నారో కూడా ఆనడం లేదు.

"నేను రాకముందే పూడ్చేశారా?" అన్నాడు. "ఒరేయ్ బాబికిర్, ఒక్క పూట ఆగలేకపోయావురా!"

ఖిదిర్ ఏదో చెప్పబోయాడు గానీ తిజానీ అప్పటికే అరచేతులెత్తేశాడు. పోయినవాళ్ళ దగ్గర క్షమాపణ అడగాలంటే పదిమందిలో గట్టిగా అడగాలి. అప్పుడే చెల్లుతుంది.

"మీరంతా సాక్ష్యం," అన్నాడు. "ముప్పై ఎనిమిదేళ్ళు వాడితో పోట్లాడాను. కుడికాలని ఒట్టేశాను. ఏ కాలో నాకు తెలీదు. బంతి వాళ్ళ గోలు వైపు వెళ్తుంటే గుండె ఆగిపోతుందనిపించి గట్టిగా కళ్ళు మూసుకున్నాను. అరుపు విన్నాను, కాళ్ళ కింద సిమెంటు వణికింది, అంతే. చూసింది వాడొక్కడే. వాడు ఎడమ అన్నాడంటే ఎడమే. నన్ను క్షమించమని చెప్పండి!"

రెండో వరసలో కుర్చీ కిర్రుమంది.

"ఏమన్నావురా?" అన్నాడు బాబికిర్, లేచి నిలబడి.

తిజానీ అతన్ని చూశాడు. కెవ్వున కేకేసి ఖిదిర్ ఒళ్ళో పడ్డాడు. ఆ కేకకి ఏమైందోనని బతూల్ పిండి చేతులతో బయటికి వచ్చింది. ఆమెని చూసి మగవాళ్ళందరూ కేకలు పెట్టారు. మూడు కుర్చీలు విరిగాయి. ఒకాయన చెప్పులు వదిలేసి మసీదు దాకా పరుగెత్తాడు.

"ఎవరు పోయార్రా అసలు?" అని అరిచింది బతూల్.

ఎవరూ పోలేదని తేలడానికి పావుగంట పట్టింది. తేలాక ఖిదిర్ నవ్వుకుంటూ బాబికిర్ భుజం తట్టాడు. "పోనీలే మామా, మంచే జరిగింది. నువ్వే గెలిచావు. ఎడమకాలే!"

"ఎడమకాలే!" అన్నారు అందరూ. ముప్పై ఎనిమిదేళ్ళుగా బాబికిర్ కలలు కన్న మాట అది. తిజానీ ఒక మూల తల దించుకుని నిలబడి, ఊడిన తలపాగా చుట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. అది కుదరడం లేదు. ఆ రోజు తిరుగు రైల్లో, ఇదే భుజం మీద తల పెట్టుకుని, తెల్లవారేదాకా నిద్రపోయిన సంగతి బాబికిర్‌కి గుర్తొచ్చింది.

దగ్గరకు వెళ్ళి తలపాగా కొస తన చేతిలోకి తీసుకున్నాడు. చుడుతూ, అందరికీ వినపడేలాగే చెప్పాడు.

"నేనూ చూడలేదురా. చెప్పు వెతుక్కుంటున్నా."

తిజానీ నోరు తెరిచాడు. "మరి ఎడమకాలని ఎందుకన్నావు?"

"ఏదో ఒకటి అనాలిగా. నువ్వు కుడి అన్నాక వెనక్కి తీసుకుంటే దొరికిపోనూ?"

"నేనూ అదే భయపడ్డానురా దొంగా!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు నవ్వారో, ఎంతసేపు ఏడ్చారో ఎవరూ లెక్క పెట్టలేదు. చావింటికని ఆడవాళ్ళు తెచ్చిన పళ్ళేలు ఎలాగూ ఉన్నాయి. ఖిదిర్ వైరు బిగించాడు. చీకటి పడ్డాక ఆట మొదలైతే, ముందు వరసలో ఆ ఇద్దరూ ఒకే పళ్ళెంలో తింటూ, రెప్ప వేయకుండా కూర్చున్నారు.

జాంబియా మూడు, సూడాన్ సున్నా.

ఆ మూడు గోల్స్ ఏ కాలితో పడ్డాయన్న విషయంలో మాత్రం వాళ్ళిద్దరికీ ఈనాటికీ ఒక్క తగాదా లేదు.