సెల్స్‌కు శాలువా

ఆ పొద్దున ఇంట్లో అనుకున్నది చాలా చిన్న పని. కోడలు స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, పదింటికల్లా ల్యాబ్‌లో ఉండాలి. ఆమె శాస్త్రవేత్త. జ్ఞాపకం మెదడులో ఎలా నిలుస్తుందో, అందులో ఏ ప్రొటీన్ ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ముప్పై ఏళ్లుగా నాడీకణాలను గాజు పళ్లాల్లో పెంచుతోంది. ల్యాబ్‌లో అందరూ వాటిని సెల్స్ అంటారు. ఈ రోజు నిపుణులు వచ్చి వాటిని చూస్తారు. అవి బతికి కనిపిస్తే ల్యాబ్ ఉంటుంది. లేకపోతే తాళం పడుతుంది.

ఆమె స్నానాల గదిలో ఉండగా బల్ల మీద ఆమె ఫోను మోగింది. అత్తగారు ఎత్తారు. అవతల ల్యాబ్ సహాయకురాలు. ఆమె కంగారు చూసి అందరూ ఆమెను గాభరా అనే పిలుస్తారు.

"మేడమ్, సెల్స్ చచ్చిపోయేలా ఉన్నాయి!"

"నేను అత్తగార్నమ్మా. కోడలు స్నానం చేస్తోంది. ఏమయింది?"

"చల్లబడిపోతున్నాయండీ! వెచ్చగా ఉండాలి. కదిపితే పోతాయి. మేడమ్ చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు!"

అత్తగారు చేతిలోని ఫోను తడిమి చూశారు. చల్లగానే ఉంది. రాత్రి ఛార్జింగ్ అయిపోతే కొడుకు కూడా "నా సెల్ చచ్చింది" అని విసుక్కున్నాడు. వస్తువుకు చావేమిటని ఆమెకు అనుమానం రాకపోలేదు. కానీ గాజు పళ్లెంలో మెదడు తునక బతుకుతుందని కోడలు చెప్పినప్పుడూ ఇలాగే అనుమానం వచ్చింది, తీరా అది నిజమే అయింది. దేవుడు ప్రాణాన్ని ఎక్కడెక్కడ దాచాడో ఎవరికి తెలుసు?

ఇంట్లోని మూడు ఫోన్లనూ దేవుడి గదిలో ఒక బుట్టలో పడుకోబెట్టి, పక్కన వేడినీళ్ల బ్యాగు పెట్టి, తన శాలువా కప్పారు. తలుపు మూసుకుని అక్కడే ప్రార్థనకు కూర్చున్నారు. ప్రార్థన అయ్యేదాకా ఆమె నోరు విప్పరు, ఆమెను ఎవరూ పలకరించరు.

"ఏవండీ, నా ఫోనేదీ?" అంటూ కోడలు వచ్చింది.

"నాదీ కనబడట్లేదు," అన్నాడు కొడుకు. "అయినా జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసేదానివి, ఎక్కడ పెట్టావో గుర్తులేదా?"

"మీ కళ్లజోడు ఎక్కడుందో రోజూ గుర్తుపెట్టుకోవడంతోనే నా జ్ఞాపకశక్తి అయిపోతోంది!"

ఇద్దరూ దిండ్లన్నీ దులిపారు. శాలువా కింద ఫోను మూలుగుతూనే ఉంది, ఎవరికీ వినబడలేదు. అవతల గాభరాకు విషయం తేలిపోయింది. స్నానానికి వెళ్లిన మనిషి, ఎన్నిసార్లు చేసినా ఎత్తని ఫోను. మేడమ్ జారి పడ్డారు! వెంటనే అంబులెన్స్ పంపించింది.

అంబులెన్స్ గుమ్మం ముందు ఆగింది. "పడిపోయిన ఆవిడ ఎక్కడండీ?" అన్నాడు డ్రైవరు.

అప్పుడే ప్రార్థన ముగించుకుని అత్తగారు బయటికి వచ్చారు. "వచ్చావా నాయనా! లోపల బుట్టలో ఉన్నాయి. మెల్లగా తియ్యి, కదపకూడదట."

డ్రైవరు శాలువా తీశాడు. ఫోన్లు మూడూ ఒద్దికగా పడుకుని ఉన్నాయి.

"అత్తయ్యా! ఇదేంటి?"

"మీ గాభరా చెప్పిందమ్మా, సెల్స్ చల్లబడి చచ్చిపోతున్నాయని."

కోడలికి అసలు సంగతి అర్థమైంది. పరుగున వెళ్లి అంబులెన్స్ ఎక్కింది. "ల్యాబ్‌కి పోనివ్వు బాబూ!"

"మరి పేషెంటండీ?"

"అక్కడే ఉన్నారు. లక్షల మంది!"

ల్యాబ్‌లో గాభరా, సెల్స్‌ను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉంది. దాని మీద వేడి చూపే మీటరు బాగా తక్కువ చూపిస్తోంది. కోడలు పళ్లెం తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. నాడీకణాలు దారాల్లా చేతులు చాచి, ఒకదాన్నొకటి పట్టుకుని, హాయిగా బతికున్నాయి. చెడిపోయింది మీటరు మాత్రమే.

"తలుపు తియ్యలేదా నువ్వు?"

"మీరు చెప్పందే ఎలా తీస్తాను మేడమ్? ఫోను ఎత్తుంటే ఏం చెప్పేవారు?"

"పక్క ల్యాబ్ ఇంక్యుబేటర్‌లోకి మార్చెయ్యమనేదాన్ని."

"అయ్యో, దాన్నిండా బూజు పట్టిందట మేడమ్! ఇందాకే తెలిసింది."

కోడలు స్టూలు మీద కూలబడింది. అక్కడే నవ్వడం మొదలుపెట్టింది. నిపుణులు వచ్చారు, చూశారు, ల్యాబ్ కొనసాగాలని రాసి వెళ్లారు.

సాయంత్రం సంగతంతా విని అత్తగారు చేతులు జోడించారు. "నేను ఏ సెల్స్ కోసం మొక్కానో దేవుడికైనా సరిగ్గా అర్థమైంది."

ఆ రోజు పోయింది ఒక్క సెల్లే. వేడినీళ్ల బ్యాగు కారడంతో, కొడుకుది.