ముఖం వచ్చేదాకా

విడాకుల కాగితాలతో పాటు పాత ముఖాన్ని కూడా ఆఫీసులో అప్పగించేశాక, కొత్తది వచ్చేదాకా నీలవేణి ముఖం లేకుండానే తిరుగుతోంది. విజయనగరంలో ఇదేమీ వింత కాదు. చూపు, వినికిడి, మాట తాత్కాలికంగా కొనసాగుతాయని రశీదు వెనకాలే అచ్చువేసి ఉంది. నలభై ఐదు రోజులన్నారు. నాలుగో నెల నడుస్తోంది. కోర్టు ఎప్పుడో సరేనంది కానీ, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా.

వీధివాళ్లు ఆమెను నడకను బట్టి పోల్చుకుంటారు. కూరలమ్మే సన్యాసమ్మ గొంతు విని కొసరు వేస్తుంది. నుదురు లేదు గనక నీలవేణి పొద్దున్నే అద్దానికి బొట్టుబిళ్ల అంటించి, దానికి సరిగ్గా ఎదురుగా నిలబడి జడ వేసుకుంటుంది. ఆ కాసేపూ మనసు కుదుటపడుతుంది.

బెంగంతా ఆరేళ్ల కూతురు జాహ్నవి గురించే. బడిలో అమ్మ బొమ్మ గీయమంటే చీర గీసి, పైన ఖాళీ వదిలేసింది. టీచరు పూర్తి మార్కులు వేసింది. ఆ బొమ్మ చూశాక నీలవేణి ఇక తట్టుకోలేకపోయింది. పిల్ల కోసమైనా పాత ముఖమే తెచ్చేసుకుందామని, మర్నాడు జాహ్నవిని వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్లింది.

గుమాస్తా అప్పలస్వామి మంచివాడే. పాత ముఖం తీసుకుంటే పాత మొగుడి దగ్గరికే తిరిగి కాపురానికి వెళ్లాలని, రూలు అదేనని నెమ్మదిగా చెప్పాడు. బీరువాలోంచి అట్టపెట్టె తీసి మూత తెరిచాడు. ముఖం అప్పగించిన రోజున ఉన్నట్టే ఉంది. ఎడమ కంటి కింద కమిలిన చోటు కూడా మానలేదు.

"పొద్దున్నుంచి ముగ్గురు పట్టుకెళిపోనారమ్మా. తవరూ ఓ సంతకం పడేస్తే ఏ గొడవా ఉండదు," అన్నాడు.

నీలవేణి పెన్ను తీసుకుంది. జాహ్నవి మునివేళ్ల మీద లేచి పెట్టెలోకి చూసి, తల్లి చెంగు వెనక్కి వెళ్లిపోయింది.

"అది నాన్న ఇంటికొచ్చినప్పటి మొహమమ్మా," అంది.

నీలవేణి పెన్ను మూత పెట్టేసింది. కొత్తది ఎప్పటికొస్తుందని అడిగింది. అసలొస్తుందో రాదో కూడా చెప్పలేమన్నాడు అప్పలస్వామి. అట్టపెట్టెను మాత్రం లోపల పెట్టకుండా, ఎందుకైనా మంచిదని చేతికందే అరలోనే ఉంచాడు.

తిరుగు బస్సులో ఆడవాళ్ల సీట్లన్నీ నిండిపోయాయి. చాలామందివి ఈమధ్యే వెనక్కి తెచ్చుకున్న ముఖాలు. అంచులు ఇంకా సరిగా అతుక్కోలేదు. కళ్ల కింద పౌడరు దట్టంగా రాసుకున్నారు. ముఖం కూడా లేనిదని నీలవేణిని చూసి వాళ్లందరికీ జాలేసింది. పాపం అనుకుంటూ జరిగి చోటిచ్చారు.