బ్రేకులు విప్పిన అల్లుడు

అత్తగారు పిలిచి మర్యాద చేస్తానంటే మొహం చాటేసే అల్లుణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నవ్వడం తర్వాత, ముందు నా బాధ వినండి.

మా నాందేడ్ వైపు ఒక ఆచారం ఉంది. మూడేళ్లకోసారి వచ్చే అధిక మాసంలో అల్లుణ్ని సాక్షాత్తు విష్ణుమూర్తిగా భావించి, పీట మీద కూర్చోబెట్టి ధోండెలు తినిపిస్తారు. ధోండె అంటే గోధుమ పిండిలో పూర్ణం కూరి ఉడికించిన ఉండ. ముప్పై మూడు పెట్టాలి, మీద నెయ్యి పోయాలి. విష్ణుమూర్తి అయితే నైవేద్యం చూసి ఊరుకుంటాడు. నేను తినాలి.

పందొమ్మిది వందల డెబ్బై ఏడులో ఇరవై ఆరో ఉండ దగ్గర నాకు కళ్లు తిరిగాయి. మూడు రోజులు మంచం, వారం రోజులు మజ్జిగ. మా అత్తగారు చంద్రభాగమ్మకు మాత్రం అల్లుడు పడిపోయాడన్న దిగులు కంటే ఏడు మిగిలిపోయాయన్న దిగులే ఎక్కువైంది. ఇప్పుడు ఎనభైలో మళ్లీ అధిక మాసం. ఆదివారం అత్తవారి ఊరు ముఖేడ్ రమ్మని కబురు వచ్చింది. వెళ్తే ఈసారి తిరిగిరానని నాకు ఖాయంగా అనిపించింది.

మా ఇంటి ముందు పాత ఫియట్ ఒకటి ఉంది. దాని బ్రేకులు కొంతకాలంగా కీచుమంటున్నాయి. మా బండి మిస్త్రీ లింగన్న తీర్థయాత్రకని శుక్రవారం వెళ్లాడు, పది రోజులకు గానీ రాడు. శనివారం పొద్దున్నే నేను జాకీ పెట్టి బండి లేపాను.

మా ఆవిడ వనమాల చీపురుతో గడపలోకి వచ్చింది.

"ఏంది మీరు జేసేది?"

"బ్రేక్ షూలు మారుస్తున్న. లైనర్లు అరిగినయి. గీ బండిల నిన్ను ముఖేడ్ తీస్కపోతే పానాలకే ముప్పు."

"మీకు వస్తదా?"

"నట్లు విప్పుడే గద."

"విప్పుడు వస్తది, నాకెర్క. బిగిచ్చుడు అడుగుతున్న."

అయితే బస్సులో పోదామంది. దానికి జవాబు నేను ముందే సిద్ధం చేసుకున్నాను.

"పెద్దల్లుడు బస్సుల నిలవడి అచ్చిండంటే మీ అమ్మ పరువేమైతది? బండి ఉన్నోళ్లు బండిలనే పోవాలె."

వనమాల చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్లింది. గెలిచాననుకున్నాను. పెళ్లయి పద్నాలుగేళ్లయినా నాకు బుద్ధి రాలేదు.

నాలుగు చక్రాలూ ఊడదీసి బండిని ఇటుకల మీద కూర్చోబెట్టాను. బ్రేకు డ్రమ్ము రానంది. సుత్తితో బతిమాలాను. వచ్చేటప్పుడు లోపలున్న దుమ్మంతా నా మొహాన కొట్టి మరీ వచ్చింది. రెండు షూలనూ పట్టి ఉంచే స్ప్రింగును స్క్రూడ్రైవరుతో ఇలా అన్నానో లేదో, అది గోడ దాటి పక్కింటి ఉమాబాయి వాకిట్లోకి ఎగిరింది.

ఎండాకాలం కదా, ఉమాబాయి నాలుగు మంచాల నిండా కురుడాయిలు ఆరబెట్టింది. అవి జంతికల్లా చుట్టలు చుట్టిన గోధుమపాల వడియాలు. చుట్టల్లో చుట్ట కలిసిపోయింది. నేను వెతికినట్టు నటించి సంతోషంగా తిరిగొచ్చాను. స్ప్రింగు లేనిదే బండి లేదు, బండి లేనిదే ధోండె లేదు.

ఆదివారం పొద్దున పది గంటలకు మా వాకిట్లో సైకిల్ రిక్షా ఆగింది. పెద్ద గంప, నేతి డబ్బా, వాటి వెనక మా అత్తగారు దిగారు. వనమాల ముఖేడ్ బస్సు కండక్టరుతో కబురు పంపిందట. అల్లుడు రాలేకపోతే అత్త రాకూడదని ఎక్కడా లేదు కదా.

మధ్యాహ్నం పదకొండు ధోండెలు పెట్టారు. సాయంత్రం ఆరు. సోమవారం మళ్లీ మొదలు. తట్టుకోలేక వనమాలను పక్కకు పిలిచి మీ అమ్మ ఎప్పుడు వెళ్తుందని అడిగాను.

"బండి బాగైనంక. బండి ఉన్న ఇంటికెల్లి మా అమ్మ బస్సుల నిలవడి పోతే మీ పరువేమైతది?"

ఉమాబాయి దగ్గరికి పరుగెత్తాను. అప్పటికి కురుడాయిలన్నీ డబ్బాల్లోకి ఎక్కాయి. చూసి పోల్చడం కాని పని, అన్నీ వేయించమని చేతులు జోడించాను. మూడో డబ్బాలో ఒకటి ఎంతకీ పొంగలేదు. ఉమాబాయి దాన్ని జల్లిగరిటెతో తీసి, నూనె వార్చి, కాగితంలో పెట్టి ఇచ్చింది. స్ప్రింగు బాగా వేగింది.

షూలు బిగించాను. పనిలో పనిగా ఒక పైపు కూడా ఊడదీసి పెట్టాను గనక బ్రేకు నూనెలో గాలి చేరింది. దాన్ని తీయాలంటే నేను కింద పడుకుని నట్టు విప్పుతుంటే పైన ఒకరు పెడల్ తొక్కాలి. వనమాల పని ఉందంది. అత్తగారు ఎక్కి కూర్చున్నారు. తొక్కమన్నాను. పెడల్ కదల్లేదు.

"గదేం మాటయ్యా? అధిక నెలల మీరు దేవుని లెక్క. మీరు కింద పండుకున్నంక మీదికెల్లి కాలు వెడ్తనా? నాతోని కాదు."

చివరికి ఆమె మోకాళ్ల మీద కూర్చుని, పెడల్‌కు దండం పెట్టి, రెండు చేతులతో నొక్కారు. నొక్కినప్పుడల్లా నారాయణా అన్నారు. అన్నప్పుడల్లా నూనె నా మొహాన పడింది. గాలి పూర్తిగా పోయేసరికి నాకు అభిషేకం అయిపోయింది.

గురువారం బండి కదిలింది. తొక్కితే ఆగింది కూడా. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇద్దర్నీ ఎక్కించుకుని ముఖేడ్ దాకా ఈల వేసుకుంటూ తోలాను. అత్తగారిని గడపలో దింపి, ఇంజను ఆపకుండానే వెనక్కి తిరగాలని నా ఆలోచన.

ఇంటి ముందు పందిరి. పందిరి కింద ముగ్గు, ముగ్గు మీద పీట, పీట పక్కన ఆవిరి కక్కుతున్న గుండిగ. నెయ్యి వాసన వీధి చివరికే ఎదురొచ్చింది.

"గిదేంది, మనింట్ల తింటిని గద?"

"అది ఉత్త పలారం. అల్లునికి ధోండె వెట్టుడు పిల్ల పుట్టింటి గడపలనే," అంది వనమాల, కొంగు సర్దుకుంటూ. "మిమ్ములను గీడికి ఎట్ల తెచ్చుడా అని అమ్మా నేనూ నాలుగొద్దులు పరేశానైనం. బండి బాగైతదని నిన్ననే కండక్టరుతోని ఇంటికి కబురంపిన, మీరే తోలుకచ్చిండ్రు."

కిందటిసారి ఏమైందో మర్చిపోయావా అని దీనంగా అడిగాను.

"ఎట్ల మర్సిపోత?" అని అరుగు వైపు చూపించింది.

అక్కడ ముఖేడ్ డాక్టరు మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు.