ఓవెన్ అక్కర్లేదు, నేనుంటే చాలు

ఆడదాన్ని వంటింటి చెర నుంచి విడిపించింది చదువు కాదు, ఉద్యోగం కాదు, వాషింగ్ మెషీన్ అసలే కాదు. బిస్కెట్!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. బిస్కెట్లను పొడి చేసి, కరిగిన వెన్న కలిపి, ట్రేలో అదిమి, ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడి గిన్నెలా తయారవుతుంది. దాన్ని క్రస్ట్ అంటారు. అందులో కస్టర్డో, క్రీమో నింపితే 'పై' అనే తీపి వంటకం సిద్ధం. ఓవెన్ అక్కర్లేదు. పొయ్యి అంటించక్కర్లేదు. వంట రాని మగవాడు కూడా చేసేయొచ్చు. ఆడజాతికి ఇంతకంటే మహోపకారం ఇంకెవరైనా చేశారా?

మా ఆయనకు ఈ జ్ఞానం ఫోన్లో వీడియో చూస్తుండగా కలిగింది. అంతకు ముందు వంటింట్లో ఆయనకు దారి తెలిసిన చోటు ఫ్రిజ్ ఒక్కటే. ఆ రోజు సోఫాలోంచి ఒక్క ఉదుటున లేచి, "ఏమోయ్, ఇక నుంచి ఆదివారాలు నువ్వు హాయిగా కూర్చుని కాలమ్ రాసుకో. వంటింటి సంగతి నాకొదిలెయ్" అన్నారు.

నా కళ్లు చెమర్చాయి. ఎందుకంటే ఈ కాలమ్ రాయడానికి వారం మొత్తంలో నాకు మిగిలేది ఆదివారం ఒక్కటే. సాయంత్రానికల్లా పంపకపోతే మా ఎడిటర్ ఊరుకోడు. "మేడమ్, ఇలాగే ఆలస్యం చేస్తూ పోతే మీ చోట గళ్ల నుడికట్టు వేసేస్తాను. పాఠకులకు అదీ ఇష్టమే" అని అప్పటికే హెచ్చరించి ఉన్నాడు. పాఠకులు ఏ జవాబూ లేని నా వ్యాసం కన్నా జవాబులున్న గళ్లనే ఇష్టపడతారని నాకూ లోలోపల భయమే.

అలా మా ఇంట్లో కొత్త శకం మొదలైంది.

మొదటి ఆదివారం ఆయన స్వయంగా బజారుకెళ్లి బిస్కెట్లు తెచ్చారు. క్రీమ్ బిస్కెట్లు! వీడియోలో పొడి నల్లగా ఉందట, ఈ బిస్కెట్లూ నల్లగా ఉన్నాయట, అంతే. తీరా ఇంటికొచ్చాక క్రీమ్ ఉంటే క్రస్ట్ గట్టిపడదేమోనని ఆయనకే అనుమానం వచ్చింది. మరి వెళ్లి మామూలు బిస్కెట్లు తెచ్చుకోవచ్చు కదా అంటారా? మళ్లీ బజారుకెళ్లడానికి ఆయనేమైనా ఖాళీగా ఉన్నారా? వీడియో చూడొద్దూ?

కాబట్టి మా అత్తగారు, మా అమ్మాయి, నేను భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఒక్కో బిస్కెట్‌నూ రెండుగా విడదీసి చాకుతో క్రీమ్ గీకాం. కంపెనీవాళ్లు కష్టపడి అతికించినదాన్ని మేం అంతకన్నా కష్టపడి ఊడదీశాం. ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, "అంచులు! అంచులు కూడా!" అని పర్యవేక్షించారు. గీకిన క్రీమంతా మా అమ్మాయి తినేసింది. ఆ పూట దానికి భోజనం సహించలేదు. చూశారా, నాకు ఒక కంచం వడ్డించే శ్రమ కూడా తప్పింది!

తర్వాత దంచడం. మిక్సీలో వేస్తే చిటికెలో అయిపోయే పని. కానీ మిక్సీలో వేస్తే టెక్స్చర్ పోతుందట. అందుకని బిస్కెట్లను ప్లాస్టిక్ కవర్లో పోసి గ్లాసు అడుగుతో దంచారు. అవును, దంచింది ఆయనే, అబద్ధమెందుకు ఆడాలి? నాలుగు దెబ్బలకు కవరు చిట్లి పొడి హాలు దాకా ఎగిరింది. చీపురు నేను పట్టాను. ఎంత ఊడ్చినా సోఫా కింద కాస్త మిగిలింది కాబోలు, చీమలు బారులు తీరి వచ్చాయి. చుట్టాల మొహం చూసి ఎన్నాళ్లో అయిన మా ఇంటికి వారమంతా అతిథులే!

ఇక వెన్న. పొయ్యి అంటించక్కర్లేదని చెప్పాను కదా? నిజమే, ఆయన అంటించలేదు. "నువ్వు రాసుకుంటూ ఉండు, ఆ వెన్న మాత్రం కాస్త కరిగించివ్వు" అన్నారు. కరిగించి ఇచ్చి వచ్చి కూర్చున్నాను. "ట్రే ఎక్కడ?" వెతికి ఇచ్చి వచ్చి కూర్చున్నాను. "చేతులు జిడ్డుగా ఉన్నాయి, ఫోన్ మోగుతోంది, కాస్త నా చెవి దగ్గర పెట్టవూ!" పెట్టాను. మర్నాడు ఎడిటర్ నాకు ఫోన్ చేసి, "మీ వ్యాసం మధ్యలో ఒక వాక్యం అర్ధాంతరంగా ఆగిపోయిందేమిటండీ?" అని అడిగాడు. "అక్కడ వెన్న కరిగించానండీ" అన్నాను.

క్రస్ట్ ఫ్రిజ్‌లోకి చేరాక ఇల్లంతా పసిబిడ్డ నిద్రపోతున్నంత నిశ్శబ్దం. దానికి చోటు కావాలి కాబట్టి పాలు, కూరగాయలు, అత్తగారి కంటి చుక్కలు బయటికొచ్చాయి. ఫ్రిజ్ తలుపు తీయకూడదు. పొరపాటున తీస్తే గట్టిగా వేయకూడదు. "లోపల సెట్ అవుతోంది" అని ఆయన గొంతు తగ్గించి చెప్పారు. చల్లటి నీళ్ల కోసం వెళ్లిన అమ్మాయికి ఆయన ఎలా అడ్డం నిలబడ్డారో మీరు చూడాల్సింది! పాలు విరిగిపోయాయి. పోనివ్వండి, పాలు రోజూ వస్తాయి.

"మరి లోపల నింపేది?" అని అడిగాను.

ఆయన నా వైపు జాలిగా చూశారు. "అసలు కష్టమంతా క్రస్ట్‌లోనే ఉంది. కస్టర్డ్‌దేముంది, నువ్వు చిటికెలో చేసేస్తావు."

చిటికెలోనే చేశాను. ఉండ కట్టకుండా గరిటె తిప్పుతూ, భుజం నొప్పెట్టేదాకా పొయ్యి ముందు నిలబడడాన్ని మా ఇంట్లో చిటికె అంటారు.

సాయంత్రం ఆయన చేసిన 'పై' బల్ల మీదికి వచ్చింది. "మావాడి చేతిలో ఏదో మహత్తు ఉంది" అని అత్తగారు మురిసిపోయారు. పక్కింటికి కూడా ఒక ముక్క వెళ్లింది. మెచ్చుకున్నవాళ్లందరితో ఆయన వినయంగా, "పెద్ద కష్టం కాదండీ, అసలు పనే లేదు" అన్నారు. అందులో మాత్రం అక్షరం అబద్ధం లేదు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా!

ఈ విద్య ఆయనతో ఆగలేదు. ఆఫీసులో క్యాషియర్‌గారికి నేర్పారు. ఆ ఇంటావిడ అప్పట్నుంచి శనివారం సాయంత్రమే పుట్టింటికి వెళ్లిపోతోంది. కుటుంబ బంధాలు ఎంత బలపడ్డాయో చూడండి! మా ఇంట్లో మాత్రం ఆదివారం తర్వాత ఆదివారం చిన్న ట్రే, పెద్ద ట్రే, గుండె ఆకారంలో ట్రే నడిచాయి. నాకు ఇస్తానన్న మధ్యాహ్నం మాత్రం ఒక్కటీ చేతికి రాలేదు.

పోయిన ఆదివారం మా ఆడపడుచు భోజనానికి వస్తానంది. పొద్దున్నే ఎడిటర్ నుంచి మెసేజ్ వచ్చింది: "గళ్ల నుడికట్టు సిద్ధంగా ఉంది మేడమ్." అప్పుడు నాకు తట్టింది. ఇన్ని ఆదివారాలుగా ఆయన్ని చూస్తూ కూడా వంట చేయడమెలాగో నేర్చుకోలేకపోయానే!

"ఈ రోజు వంటంతా నేనే చేస్తాను. మీరు కాస్త సాయం చేస్తే చాలు" అని ప్రకటించి, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏమండీ, ఆ ఉల్లిపాయలు మాత్రం కోసివ్వండి." ఒక పేరా రాశాను. "కాస్త ఆ పొయ్యి అంటించండి." ఇంకో పేరా. "అడుగంటుతోందేమో, ఒక్కసారి కలపండి. అంచులు! అంచులు కూడా!" ఈసారి ఏ వాక్యమూ మధ్యలో ఆగలేదు.

ఆయన నుదురు తుడుచుకుంటూ, "ఇంతకీ నువ్వు వండుతున్నావా, నేను వండుతున్నానా?" అన్నారు.

"నేనేనండీ. అసలు కష్టమంతా చెప్పడంలోనే ఉంది" అన్నాను.

నిజం ఒప్పుకోవాలి, కూర అద్భుతంగా కుదిరింది. మంట తగ్గించి, రుచి చూసి, ఉప్పు సరిచేసి మరీ వండారు. మనిషికి మంచి చెయ్యే ఉంది. ఇన్నాళ్లూ దాన్ని బిస్కెట్ల మీద వృథా చేశారు.

ఆడపడుచు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "అబ్బ! ఎవరు చేశారు వదినా ఇది?" అంది.

"నేనేనమ్మా" అన్నాను వినయంగా. "అసలు పనే లేదు."

అత్తగారికి చిర్రెత్తుకొచ్చింది. "నువ్వెక్కడ చేశావమ్మా? పొద్దుట్నుంచీ కుర్చీలోంచి లేచావా? పాపం, వాడొక్కడే పొయ్యి దగ్గర మాడిపోయాడు!"

"నిజమా అన్నయ్యా! ఎంత బాగా వండావు!" అంది ఆడపడుచు. మా అమ్మాయి కూడా తలూపింది. ఆయన సిగ్గుపడుతూ అందరికీ ఇంకాస్త వడ్డించారు.

గమనించారా? ఆయన నిలబడి పనులు చెప్పినా వంట ఆయనదే, పొయ్యి దగ్గర మాడినా వంట ఆయనదే. నేను మాడిన ఇన్నేళ్లలో ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లెవరూ "ఎవరు చేశారు ఇది?" అని అడిగిన పాపాన పోలేదు. అడగడానికేముంది? పొద్దున ఎవరు తెల్లవారించారని ఎవరైనా అడుగుతారా? ఆ సంగతి తట్టేసరికి మనసు చివుక్కుమంది.

కానీ బాధపడుతూ కూర్చుంటే కాలమ్ ఎవరు ముగిస్తారు? భోజనాలవగానే మళ్లీ ల్యాప్‌టాప్ తెరిచాను. కాసేపటికి వంటింట్లోంచి ఆయన గొంతు వినిపించింది.

"ఏమోయ్, ఈ అంట్లన్నీ ఎవరు తోముతారు?"

"వండినవాళ్లేనండీ" అన్నాను టైప్ చేయడం ఆపకుండా. "వండిందెవరో ఇందాక మీ అమ్మగారే తేల్చి చెప్పారుగా!"

ఆడపడుచు నా వైపు చూసి చీర చెంగుతో నవ్వు దాచుకుంది. వంటింట్లో గిన్నెల మోత మొదలైంది. ఆయన చివరి గిన్నె బోర్లించేలోపు నేను కాలమ్ ముగించి ఎడిటర్‌కు పంపేశాను.